పూలమళ్లకు సున్నం అంచు

మా నాన్నకు ఉన్నది ఒకటే కన్ను. రెండోదాన్ని చిన్నప్పుడే మశూచి పట్టుకుపోయింది. ఆ ఒక్క కంటితోనే ఆయన మిషన్ హైస్కూల్లో రిటైరయ్యేదాకా డ్రిల్లు మాస్టరుగా పనిచేశాడు. పిల్లల వరస వంకర పోయిందా లేదా అని చూడాలంటే మిగతా మాస్టర్లు ఒక కన్ను మూసి చూడాలి. తనకు ఆ శ్రమ లేదని ఆయనే అనేవాడు.

రిటైరయ్యాక వరసలో నిలబెట్టడానికి పిల్లలు కరువయ్యారు. ఇంట్లో ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. బి.ఏ. పాసయ్యి, ఆ అలసట ఇంకా తీరక, ఉద్యోగం చూసుకోకుండా ఉన్నాను. ఒక్క మనిషితో వరస కుదరదు కాబట్టి నాన్న చర్చి ముందున్న పూలమళ్ల మీద పడ్డాడు. గేటు నుంచి చర్చి మెట్లదాకా బాట, బాటకు రెండు పక్కలా మళ్లు. వాటిలో కనకాంబరాలు, బంతి, బిళ్లగన్నేరు. మళ్ల చుట్టూ ఇటుకలను ఏటవాలుగా సగం పాతి, రంపపు పళ్లలాగా అంచు కట్టించాడు. మా నల్లరేగడిలో గరిక ఊరుకోదు. ఇటుకల సందుల్లోంచి బాట మీదికి వచ్చేది. నాన్న రెండు మేకులు పాతి, పురికొస బిగించి, పీట వేసుకుని కూర్చుని, ఆ పురికొస దాటి వచ్చిన ప్రతి గరిక పోచనూ కొడవలితో కోసేవాడు. పోచకు క్షమాభిక్ష ఉండేది కాదు.

ఈస్టర్ వస్తుందంటే ఆ ఇటుకలకు సున్నం వేయాలి. అది అందం కోసం కాదు. ఈస్టర్ రోజు పొద్దు పొడవకముందే సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ చర్చి నుంచి సమాధుల తోటకు వెళ్తుంది. ఆ చీకట్లో బాట ఎక్కడుందో చెప్పేది రెండు పక్కలా ఉన్న తెల్ల ఇటుకలే. సున్నం లేని ఏడాది ముసలివాళ్లు సగం మంది బంతి మొక్కల మీదుగా పునరుత్థానానికి వెళ్లారని నాన్న ఫిర్యాదు.

సున్నం తెచ్చేది మా బావ. అక్క మొగుడు. పిడుగురాళ్ల దగ్గర ఒక సున్నపు బట్టీలో సూపర్‌వైజరు. ఊళ్లో మిగతా ఇళ్ల అల్లుళ్లు పండక్కి స్వీట్లు తెస్తారు, మా బావ కాల్చిన సున్నపురాయి బస్తా తెచ్చేవాడు. బస్తాను బస్సు టాపు మీద వేసి, వాన పడుతుందేమోనని దారంతా ఆకాశం కేసి చూస్తూ వచ్చేవాడు. చర్చి వెనక గుంట తీసి, రాళ్లు పోసి, ఆయనే నీళ్లు వంచేవాడు. నీళ్లు తగలగానే రాళ్లు బుసకొట్టి, పగిలి, కుతకుతా ఉడికేవి. అందర్నీ ఆమడ దూరంలో నిలబెట్టేవాడు. బట్టీ దగ్గర అలాంటి గుంటలో పడి కాళ్లు పోగొట్టుకున్న కూలీల సంగతి ఏటా చెప్పేవాడు. మా ఇంట్లో వాక్యం గురించి పాస్టరుగారి మాట ఎంతో, సున్నం గురించి బావ మాట అంత.

ఎనభైల మధ్యలో ఒక ఏడాది, మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని డాక్టరమ్మ వాళ్ల దేశం వెళ్లిపోతూ తన సామాను పంచిపెట్టింది. హార్మోనియం చర్చికి, కుక్క వాచ్‌మన్‌కి, గడ్డి మిషన్ మా నాన్నకు దక్కాయి. పొడుగాటి గొట్టం, ఒక చివర చిన్న పెట్రోలు ఇంజను, రెండో చివర ఒక చక్రం, ఆ చక్రంలోంచి బెత్తెడు నైలాన్ దారం. ఇంజను తిరిగితే దారం తిరిగి గడ్డిని కోస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా అడిగిన ప్రశ్న ఒకటే, దారంతో గడ్డి ఎట్లా తెగుద్దయ్యా అని. నాన్న జవాబుగా ఇంజను తాడు లాగేవాడు. పత్తి చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్కు దానికి వైద్యుడు. దారం అయిపోతే చీరాల నుంచి చేపల గేలపు దారం తెప్పించాడు. నేను బి.ఏ. పాసైనప్పుడు కూడా నాన్న మొహంలో ఆ వెలుగు లేదు. నిజమే, నేను ఏమీ కోయలేదు. ఆయన మోకాళ్లు అప్పటికే నెప్పులు. పీట మీద కూర్చుంటే లేవడానికి నా భుజం కావాల్సి వచ్చేది. మిషన్ వచ్చాక నిలబడే పని చేసుకోవచ్చన్నది ఆయన సంబరం.

పద్ధతి ప్రకారం ముందు గరిక కోసి, తర్వాత సున్నం వేయాలి. ఆ ఏడాది బావ గురువారమే వచ్చాడు, ఆ సాయంత్రమే ఇటుకలకు సున్నం వేసేశాడు. మర్నాడు గుడ్ ఫ్రైడే, ఎవరూ పని ముట్టుకోరు. శనివారం పొద్దున నాన్న వెళ్లి చూస్తే, తెల్లటి ఇటుకల సందుల్లోంచి పచ్చటి గరిక కనిపించింది. అమ్మ వద్దంది. చీకట్లో గరికను ఎవరు చూస్తారని అడిగింది. తను చూస్తానన్నాడు నాన్న. చదువుకునే కళ్లజోడు ఉంది గానీ చెమటకు మసకేస్తుందని ఇంట్లోనే పెట్టి వెళ్లాడు.

నేను చర్చి మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. మిషన్ చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే నాన్న బాట మధ్యలో చతికిలబడి, మంచి కంటి మీద అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. దారం ఇటుకకు తగిలి సున్నపు పెళ్లను ఎగరేసింది.

"ఏదో పడిందిరా," అన్నాడు. కొట్టంలో కుండ పడిందన్నట్టు.

నేను పంపు దగ్గరికి పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాను. అప్పటికి బావ వచ్చేశాడు. నాన్న మొహం దగ్గరికి చెంబు తీసుకుపోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"నీళ్లు పొయ్యమాక. సున్నం ఉడుకుద్ది."

నేను ఆగిపోయాను. చుట్టూ చేరిన వాళ్లందరూ నిజమేనన్నారు. మొన్న గురువారమేగా గుంటలో రాళ్లు ఉడకడం అందరం చూశాం. ఇంకో ఊళ్లో అయితే తెలివితక్కువవాడెవడో చెంబెడు నీళ్లు కొట్టి ఉండేవాడు. మా వైపు సున్నం తెలియనివాడు లేడు.

"మంటగా ఉంది, కాసిని నీళ్లు పోయండ్రా," అన్నాడు నాన్న.

"ఓర్చుకోండి మామయ్యగారూ. నీళ్లు తగిలితే కన్నే ఉడికిపోద్ది," అన్నాడు బావ. నాన్న కన్ను రుద్దుకోకుండా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అమ్మ ఆముదం తెచ్చి చుక్కలు వేసింది. నా చెంబు మెట్ల మీదే ఉండిపోయింది.

గుంటూరు బస్సెక్కించాం. నర్సరావుపేట దాటాక మా ముందు మిరపకాయల టిక్కీలు, అదే గోనె బస్తాలు, ఎత్తిన లారీ తగులుకుంది. అవి కళ్లాలన్నీ ఎర్రగా ఉండే రోజులు, రోడ్డంతా ఘాటు. బస్సులో ఉన్న ప్రతివాడూ తుమ్మి, దగ్గి, కళ్లు తుడుచుకున్నాడు. నాన్న మొహం మీద తడి తువ్వాలు వేద్దామని నేను నీళ్ల బుడ్డి తీస్తే బావ నా కేసి చూశాడు. పొడి తువ్వాలే వేశాం. డ్రైవరు లారీని దాటడానికి సాహసించలేదు. జీవితంలో ఎన్నడూ లేనిది, జాగ్రత్తగా నడిపే డ్రైవరును తిట్టుకున్నాను.

కంటి ఆసుపత్రిలో డాక్టరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. రెప్ప ఎత్తి చూస్తూ, పడగానే నీళ్లు బాగా కొట్టారా అని అడిగాడు.

"లేదండీ. సున్నం గదండీ, నీళ్లు తగిలితే ఉడుకుద్దని," అన్నాడు బావ.

డాక్టరు తల తిప్పలేదు.

"కంట్లో నీళ్లు ఎప్పుడూ ఉంటాయి గదయ్యా. అది పడ్డప్పుడే తడిసింది. ఇంకాసిని పోసి ఉంటే కొట్టుకుపోయేది."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే బావ ఏదో ఒకటి చెప్పుకునేవాడు. నర్సు సీసా తగిలించి, ఆ కంటిని కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే ఉంది. అన్ని నీళ్లు చూసి నాకు మెట్ల మీద వదిలేసిన చెంబు గుర్తొచ్చింది. బావ బయట వరండాలోకి వెళ్లిపోయాడు.

కట్టు కట్టారు. విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నారు. మిగతావాళ్లకు ఇలాంటప్పుడు రెండో కన్నుందిలే అని ధైర్యం చెప్పే వీలుంది. మేము ఆ మాట తప్ప మిగతావన్నీ మాట్లాడుకున్నాం.

ఈస్టర్ ఆసుపత్రిలోనే వచ్చింది. తెల్లవారకముందే ఊళ్లో ఎక్కడో గంట మోగితే నాన్న కట్టుతోనే లేచి కూర్చున్నాడు. మనవాళ్లు బయల్దేరి ఉంటారు, మళ్లు తొక్కకపోతే చాలు అన్నాడు. అమ్మ ఇంటి నుంచి క్యారియర్ తెచ్చి బావకే ముందు వడ్డించేది, అల్లుడు కాబట్టి. ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టి ఉంటే ఆయన అన్నం తినేవాడేమో. కలిపిన ముద్ద కలిపినట్టే ఉండేది. అక్క ఆ ఇద్దరి మధ్యా కూర్చుని, ఎవరి వైపు చూడాలో తెలియక గోడ కేసి చూసేది.

కట్టు విప్పినప్పుడు డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగాడు. నాన్న మెడ ముందుకు చాపాడు.

"తెల్లగా ఏదో ఆనుతోందండీ," అన్నాడు.

అది డాక్టరు కోటు. వేళ్లు ఆయనకు ఆనలేదు. నల్లగుడ్డు మీద మచ్చ పడింది, వచ్చిన చూపు ఇంతే, ఉన్న ఒక్క కంటి మీద ఆపరేషన్ లాంటి ప్రయోగం తను చెయ్యలేనన్నాడు డాక్టరు. మా వైపు దాన్ని పువ్వు పడింది అంటారు. పూలమళ్ల మనిషికి పువ్వు పడడం మీద హాస్యమాడే అవకాశం నాకు ఆ రోజు వచ్చింది. వదులుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ గడప మీద ముగ్గు మరింత లావుగా పెట్టింది, నీళ్ల బానకు తెల్ల గుడ్డ కట్టింది. మిగతా ప్రపంచం ఆయనకు బురద రంగులో ఉండేది. గడ్డి మిషన్ కొట్టంలో చేరింది. బావ అక్కను దింపడానికి వచ్చేవాడు, గేటు దగ్గరే మాట్లాడి బస్సు ఉందని వెళ్లిపోయేవాడు. వానాకాలంలో ఇటుకల సున్నం కొట్టుకుపోయింది, గరిక మళ్లీ బాట మీదికి వచ్చింది.

మరుసటి ఈస్టరుకు బావ అరటిపళ్లతో వచ్చాడు. బస్తా లేదు. ఎవరం అడగలేదు. నాన్న మళ్లు చూసొస్తానని కర్ర పట్టుకుని చర్చి వైపు నడిచాడు. బావా నేనూ వెనకే వెళ్లాం. కొంత దూరం బాగానే నడిచాడు. తర్వాత బాట వదిలి, ఇటుక తన్నుకుని, కనకాంబరాల్లోకి అడుగుపెట్టాడు. కాళ్ల కింద మెత్తగా తగిలేసరికి ఆగిపోయాడు. ఎటు అడుగేస్తే ఇంకే మొక్క విరుగుతుందో తెలియక, డ్రిల్లులో అటెన్షన్ చెప్పినట్టు నిటారుగా నిలబడిపోయాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆయన కదల్లేదు.

"అల్లుడుగారూ, సున్నం తేలేదా?"

"నా చేత్తో ఇక తేనండీ మామయ్యగారూ."

"తేకపోతే నేను నడిచేదెట్లా? నాకానేది ఆ తెలుపొక్కటే."

బావ అక్కతో కూడా చెప్పకుండా రోడ్డు మీదికి వెళ్లి, వచ్చిన బస్సెక్కాడు. సాయంత్రానికి టాపు మీద బస్తాతో దిగాడు.

ఈసారి ముందు గరిక కోశాం. పురికొస కట్టింది నాన్నే, వేలితో తడుముకుంటూ. పీట మీద కూర్చుని కొడవలి పట్టింది నేను. ఎక్కడ వంకర పోయిందో ఆ పురికొస మీద వేలు నడిపి చెప్పేవాడు, ఆయన చెప్పిన చోట నేను మళ్లీ కోసేవాణ్ని. బావ గుంటలో నీళ్లు వంచాడు. రాళ్లు ఉడకడం మొదలుపెట్టాయి. ఈసారి కూలీల కథ చెప్పలేదు. నాన్న దూరంగా నిలబడి ఆ కుతకుత విన్నాడు. సున్నం చల్లారాక బావ ఒక్కడే కుంచె పట్టుకుని గేటు నుంచి మెట్లదాకా ఒక్కొక్క ఇటుకకూ వేసుకుంటూ వచ్చాడు. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

అమ్మ మాత్రం వచ్చింది. నిండు నీళ్ల బిందె చంకన పెట్టుకుని, నాన్న పక్కన నిలబడింది. బరువు గదా, దించమన్నాను. బావ కూడా అన్నాడు, దించండి అత్తయ్యగారూ అని. ఆవిడ దించలేదు. ఆఖరి ఇటుక ఆరేదాకా అలాగే నిలబడి ఉంది.