జమ్ములవాగుకు వేసిన శిలాఫలకం

గురజాల చుట్టుపక్కల నాపరాయి మీద పేరు చెక్కించుకోని పెద్దమనిషి లేడు. కొళాయి బిగించినా పేరే, శ్మశానానికి గేటు పెట్టినా పేరే. వెనకటి రాజులు చెరువు తవ్వించాక శాసనం వేయించేవారు. ఇప్పుడు శాసనానికి చోటు చూసుకున్నాకే తవ్వకం. ఆ పేర్లు చూసినప్పుడల్లా వీరాంజనేయులికి కడుపుమంట. కుర్రతనంలో క్వారీలో రాళ్ళు మోశాడు, లారీ క్లీనరయ్యాడు, చివరికి జమ్ములవాగు గట్టున పాలిష్ మిషను పెట్టాడు. ఊళ్ళో సగం అరుగులు ఆయన నునుపు చేసినవే. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

మిషను కింద రాతిపొడి నీళ్ళతో కలిసి తెల్లటి బురదై వాగులోకి పోయేది. కొన్నేళ్ళకు వాగు సున్నపు తొట్టిలా తయారైంది. గేదెలు మూతి పెట్టి తల తిప్పుకునేవి. వాటికి బోరు నీళ్ళు మోసి మోసి ఆయన భార్య పున్నమ్మ నడుం పట్టేసింది. చివరికి వాగును బాగుచేసే కమిటీ ఒకటి పుట్టింది. పాడుచేసింది ఎవరో అందరికీ తెలుసు గనక ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

మెడలో దండ పడగానే ఆయన నోరు ఆగలేదు.

"ఈ వాగు నీళ్ళు గ్లాసుడు మీ అందరి ముందు తాగుతా. తాగలేకపోతే నా మిషను ఆపేస్తా!"

నిజం చెప్పొద్దూ, పని చేశాడు. మిషను పక్కన గుంటలు తవ్వించి బురద వాటిలోనే పేరుకునేట్టు చేశాడు. వాగు అడుగున గట్టిపడిన తెలుపంతా జేసీబీతో ఎత్తించాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి చేపపిల్లలు కనిపించాయి. గేదెలు నీళ్ళలోకి దిగి లేవనన్నాయి. పున్నమ్మ మొగుణ్ణి చూసి నవ్వింది కూడా.

అక్కడితో ఊరుకుంటే మనిషెలా అవుతాడు? సభ పెట్టాడు. షామియానాకు చోటు చాలదని గుంటలు పూడ్పించాడు.

"అన్నా, ఇంక బురద యాడికి పోద్ది?" అన్నాడు మిషను నడిపే నూర్ మొహమ్మద్.

"సభయ్యేదాకా మిషను నడపం కదరా!"

సభ రోజు పొద్దున్నే శిలాఫలకం చూసుకున్నాడు. చెక్కించుకున్న తన పేరు చుట్టూ మెరుపు చాల్లేదు.

"ఒరేయ్ నూరూ, ఒక్క పట్టు పట్టు. ఒక్క రాయికి ఏమవుద్ది?"

అది మెరిసేసరికి దాని పక్కన పరిచిన రాళ్ళు వెలవెలబోయాయి. వాటినీ మిషనెక్కించాడు. వేదిక మెట్లను వదిలితే బాగుంటుందా?

పెద్ద ఆఫీసరు వచ్చి గుడ్డ లాగాడు. చప్పట్లు. "గ్లాసు! గ్లాసు!" అని జనం. పున్నమ్మ వాగులో ముంచుకొచ్చింది. గ్లాసులో చిక్కటి తెలుపు.

"ఏందే ఇది?"

"మజ్జిగయ్యా. పొద్దున్నే నువ్వు చిలికిందే. తాగు, జనం చూస్తన్నారు."

"గేదెలు తాగినయ్యా?"

"నీకంటే బుద్ధున్నయ్. మూతి పెట్టి ఇంటికొచ్చినయ్."

గ్లాసు పెదాల దాకా వెళ్ళింది. శిలాఫలకంలో ఆయన ముఖం స్పష్టంగా కనపడింది, చేతిలో గ్లాసుతో సహా. పాలిష్ నిజంగానే బాగా కుదిరింది. గ్లాసు కింద పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, మిషను ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ఆఫీసర్లు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

గుంటలు తిరిగి తవ్వి, వాగు మళ్ళీ తేటపడి, ఆయన గ్లాసుడు తాగేదాకా, ఆ జేబులోంచి లాక్కున్న ఫ్యూజు పున్నమ్మ కొంగునే ఉంది. శిలాఫలకాన్ని ఆమె వాగు ఒడ్డున బట్టలుతికే బండగా వేయించింది. పేరు పైకే ఉంది. ఆ అక్షరాల గాడుల్లో సబ్బు జారకుండా ఆగుతుందని ఆడవాళ్ళు చానా మెచ్చుకుంటారు.