గెంటేసిన ముసలమ్మ

మొన్న ఫోన్‌లో ఎవరో ఒక పాత హిందీ సీరియల్ ముక్క పంపారు. రేకు పెట్టెతో గుమ్మం దిగుతున్న ఆ ముసలి నటిని చూడగానే నా పళ్లు బిగుసుకున్నాయి.

ఎనభైల్లో, ఉత్తరాదిన నాన్న పనిచేసే టెల్కో ఫ్యాక్టరీ కాలనీలో మా వరస మొత్తానికి టీవీ ఉన్నది పక్క క్వార్టర్ వాళ్లింట్లోనే. వారం వారం అమ్మా నేనూ వెళ్లి వాళ్ల చాప మీద కూర్చునేవాళ్లం. ఆ నటి ఏదో ఒక సీరియల్లో ఎప్పుడో ఒక్క వారం వచ్చి మాయమైపోయేది. ఒకసారి దొంగతనం అంటగట్టి పనిలోంచి తీసేశారు. కొన్నాళ్లకు కొడుకులు రైల్వే స్టేషన్లో వదిలేశారు. ఇవన్నీ ఒకే మనిషికి జరుగుతున్నాయనుకున్నాను నేను. మూడోసారి కోడలు ఆమె పెట్టెను వీధిలోకి విసిరేసరికి లేచి నిలబడి అరిచాను.

“ఎన్నిసార్లు గెంటేత్తారు! అమ్మా, మనింటికి తెచ్చేసుకుందాం!”

గదంతా పగలబడి నవ్వింది. “అరే పగ్లీ, యే తో యాక్టింగ్ హై!” అన్నాడు ఆ ఇంటాయన. నా ఒళ్లు మండిపోయింది.

బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఊరుకోయే. అయన్నీ ఏసాలు. ఒక్క పూటొచ్చి నీకింత కోపం తెప్పించిందంటే ఎంత గొప్ప మనిసో సూడు,” అంది.

“అంత గొప్పదైతే ఒక్కింట్లో కూడా ఉండనీరేటి?” అని చెయ్యి విదిలించుకున్నాను.



సీరియల్స్ తీసేవాళ్లు ఆమెకు ఇవ్వనిది ఇల్లు కాదనీ, వారం దాటి సాగే పాత్ర అనీ పెద్దయ్యాక తెలిసింది. తెలిశాక కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.