రాకుమారి మాటకు చెలికత్తె అర్థం

బాలీ దీవిలో సుకావతి బజారులో పొద్దున్నే కొబ్బరాకు బుట్టల్లో ఉడికించిన అన్నం మీద వేరుసెనగ ముద్ద వేసి అమ్ముతుంది రుస్ని. ఆమె నోటికి జడిసి బేరమాడేవాళ్లు తక్కువ. ఆ నోరు ఊరికే వచ్చింది కాదు. వయసంతా అర్జా అనే పాటల నాటకాల్లో చెలికత్తె వేషం కట్టిన నోరు అది. రాకుమారి పాత కావ్యభాషలో పాడుతుంది, చెలికత్తె దాన్ని జనానికి ఇంటిమాటల్లో విప్పి చెప్పి నాలుగు నవ్వులు పూయిస్తుంది. రుస్నికి మొదటినుంచీ ఒక్కరే రాకుమారి. పేరు గుస్తి అయు రాకా, ఊరందరికీ గుస్తి బియాంగ్, అంటే పెద్దింటి అమ్మగారు.

గుస్తి బియాంగ్‌ది పెద్దింటి పుట్టుక. రుస్నిది చేపలమ్ముకునే ఇల్లు. కనుక ఆవిడ "ఏమే" అంటే ఈవిడ "చిత్తం" అనాలి. నాటకంలోనూ అంతే, వంటింట్లోనూ అంతే. మా బాలీ మాటలకు మెట్లున్నాయి మరి. అదే అన్నాన్ని కుక్క మెక్కుతుంది, మాబోటివాళ్లం తింటాం, పెద్దలు ఆరగిస్తారు. మెట్టు తప్పిందా, పరువు గంగలో కలిసినట్టే.

పోయినేడు గుస్తి బియాంగ్‌కు పక్షవాతం వచ్చింది. మాట పోయి తిరిగొచ్చింది గానీ మెట్లన్నీ కలగాపులగమయ్యాయి. పెరట్లో కోడిపెట్టను "తమరు ఆరగించారా?" అని అడిగింది. మర్నాడు పూజారిగారొస్తే "ఏరా, మెక్కావా?" అంది. పూజారిగారు మంచాయన కాబట్టి "మెక్కానమ్మా" అని ఊరుకున్నారు. కొడుకు గుస్తి అలిత్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆనాటినుంచి తల్లిని వాకిలి దాటనివ్వలేదు.

అలాంటప్పుడు దెన్‌పసార్ కళోత్సవం వాళ్లనుంచి రుస్నికి పిలుపొచ్చింది. ఒక సాయంత్రం బాలీ సంస్కృతి మీద ఒక ప్రొఫెసరమ్మ ప్రసంగం ఉందట, అర్జా సంగతులు రుస్ని చెప్పాలట. రుస్ని బుట్టలు సర్దేసి నేరుగా అలిత్ దగ్గరికి పోయింది.

"అమ్మగారు లేకుండా నేనొక్కదాన్నీ పోయి ఏం చెప్పను బాబూ? రాకుమారి లేని చెలికత్తెని ఎవరు చూస్తారు?"

"నీకు తెలిసే అడుగుతున్నావా రుస్నమ్మా? బుపతిగారు వస్తున్నారట. జిల్లా ఏలే మనిషిని పట్టుకుని అమ్మ మెక్కావా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేనుంటాగా పక్కన. ఆవిడ మాట తిప్పి చెప్పడం నాకేమన్నా కొత్తా?"

"సరే, తీసుకెళ్లు. కానీ అక్కడ గనక నవ్వులపాలైతే మళ్లీ ఈ గడప దాటించేది లేదు. చెప్తున్నా."

రుస్ని మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆమెకూ ఒక కారణముంది. తన మొగుడు పోయిన కొత్తల్లో ఒక కొండ ఊళ్లో నాటకం. పాట ఎత్తుకోగానే ఏడ్చి ఏడ్చి ఎండిన గొంతు పలకనంది. అంతలో తెర వెనకనుంచి తన పాట తనకే వినిపించింది. రాకుమారి, అంతటి పెద్దింటి మనిషి, దాసీ పాట పాడుతోంది! రుస్ని పెదవులు కదుపుతూ ఆడేసింది. జనానికి తెలియలేదు. తరవాత గుస్తి బియాంగ్ ఆ ఊసే ఎత్తలేదు, ఎత్తనివ్వలేదు. ఆ మేలు నలుగురి ముందూ చెప్పుకోకుండా చచ్చిపోతానేమోనని రుస్ని బెంగ.

ఆ సాయంత్రం గుస్తి బియాంగ్‌కు తనే చీర సర్ది, పసుప్పచ్చ నడికట్టు బిగించి, జడలో దేవగన్నేరు పూలు పెట్టింది. కళోత్సవం మండపంలో ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చుంది. ప్రొఫెసరమ్మ మాటలయ్యాక లేచి, ఆ కొండ ఊరి కథ చెప్పింది. ముందు వరసలో బుపతిగారు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆయన లేచొచ్చి గుస్తి బియాంగ్‌కు చేతులు జోడించారు.

"ఆరోగ్యం కుదుటపడిందా బియాంగ్?"

"బాగా మెక్కుతున్నట్టున్నావురా, బలిసిపోయావు!"

వెనక అలిత్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

రుస్ని మోకాళ్లు వంచి, మోచేతులు లేపి, చెలికత్తె నిలుచునే తీరులో నిలుచుంది. కళ్లు గిర్రున తిప్పి, నాటకం గొంతు ఎత్తింది.

"చిత్తం రాకుమారీ, చిత్తం! అయ్యా, మా రాకుమారి అంటున్నదేమిటంటే, జిల్లా బరువంతా మోసే భుజాలు కదా, తమరు వేళకి ఆరగించి పుష్టిగా ఉండడం చూసి ఆవిడ కడుపు నిండిందట. నా కడుపు మాత్రం ఖాళీయేనండోయ్!"

ముందు బుపతిగారే తన పొట్ట తడుముకుని పకపకా నవ్వారు. ఆ తరవాత మండపమంతా నవ్వింది. గుస్తి బియాంగ్‌కు హుషారొచ్చింది. ప్రొఫెసరమ్మను "ఒసే" అంది, దీపం ఎగదోసే కుర్రాణ్ణి "ప్రభూ" అంది. ప్రతి మాటకూ రుస్ని ఒక అర్థం అల్లింది. ఎన్నాళ్లకో అసలైన అర్జా చూస్తున్నామని జనం చప్పట్లు కొట్టారు. అలిత్ చేతులు మొహం మీదనుంచి దిగాయి.

అప్పుడు గుస్తి బియాంగ్ రుస్నికేసి తిరిగింది. బాగున్న చేత్తో పక్క కుర్చీ తట్టింది.

"తమరు అలిసిపోయారు. ఇలా దయచేయండి. నా పాట తమరి నోటనే జనానికి అందింది."

జనం మళ్లీ గొల్లున నవ్వారు. "దీనికేం అర్థం చెప్తావు రుస్నీ?" అని ప్రొఫెసరమ్మ నవ్వుతూ అడిగింది.

రుస్ని గుస్తి బియాంగ్ మొహంలోకి చూసింది. ఏడాదిగా లోకంలో అందరితో మెట్టు తప్పిన మనిషి తనతో ఒక్కసారీ తప్పలేదు. జబ్బులోనూ "ఏమే" అంటే "ఏమే". ఇందాక నడికట్టు బిగిస్తుంటే కూడా "మెల్లిగా లాగవే" అనే కసిరింది.

"దీన్ని తిప్పి చెప్పనమ్మా," అంది రుస్ని కళ్లొత్తుకుంటూ. "అమ్మగారు తెలిసే అన్నారు."

జీవితంలో మొదటిసారి ఆవిడ పక్కన, ఆవిడ ఎత్తులో కూర్చుంది.