పెసరగింజంత సందు

మా లాబ్‌లో సిగరెట్లు తాగేది మనుషులు కాదు, మిషను. దానికి ఇరవై నోళ్లు. ఒక్కో నోట్లో ఒక్కో సిగరెట్టు పెట్టి మీట నొక్కితే, అరనిమిషానికోసారి కొలిచినట్టు పొగ పీలుస్తుంది. ఆ పొగ గాజునారతో చేసిన గుండ్రటి బిళ్ల గుండా పోతుంది. తెల్లగా లోపలికి వెళ్లిన బిళ్ల తేనెరంగులో బయటికొస్తుంది. ముందొకసారి, తరవాత ఒకసారి తూస్తే ఎంత తారు దిగిందో తెలుస్తుంది. ఆ మిషను నడిపే ఆయన్ని అందరం దమ్ము మేస్త్రి అనేవాళ్లం. ఆయన జన్మలో ఒక్క సిగరెట్టు ముట్టలేదు.

"ఇరవై నోళ్లతో తాగుతున్నా, చాలదా? ఇరవై ఒకటోది అన్నం తినడానికి ఉంచుకున్నా" అనేవాడు.

నేను ఆ లాబ్‌లో ఏసీ, గదిలో తేమ చూసేవాణ్ని. సిగరెట్లను మిషను మీదికి ఎక్కించే ముందు రెండు రోజులు ఒకే చల్లదనంలో, ఒకే తేమలో ఉంచాలి. తేమ రవ్వంత అటూ ఇటూ అయినా మేస్త్రి పట్టేసేవాడు. మీటరు చూసి కాదు, సిగరెట్టును రెండు వేళ్ల మధ్య దొర్లించి. "నీ గదికి జలుబు చేసిందోయ్, చూసుకో" అనేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే ఒక వాల్వు కారుతుండేది.

ఆయన చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. గడియారాలు బాగుచేసే కొట్లో నాలుగేళ్లు కూర్చుని, తరవాత సిగరెట్ ఫ్యాక్టరీలో నూనె పోసే పనికి కుదిరాడు. ఒకరోజు అక్కడి లాబ్‌లో పొగ తాగే మిషను ఆగిపోయింది. బాగుచేసే ఇంజనీరు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఈయన భోజనాల వేళ మూత విప్పి, లోపల చిరిగిన రబ్బరు పొర తీసి, సైకిల్ ట్యూబు కత్తిరించి అమర్చాడు. సాయంత్రానికి మిషను నడిచింది. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ముప్ఫై ఒక్క ఏళ్లు, ఆ మిషను ఆయనదే.

అన్నేళ్లూ ప్యాకెట్టు మీద కంపెనీ వేసిందే తారు అంకె. దాన్ని సరిచూడ్డానికి ప్రభుత్వం దగ్గర మిషనూ లేదు, మనిషీ లేడు. కొలవడం రాకుండా పొగాకు వస్తువుల మీద చట్టం ఏం చేస్తామని చివరికి ఎవరికో తట్టింది. మన లాబ్ మనకుండాలి, మన మనుషులు నేర్చుకోవాలి, తరవాత ఇన్‌స్పెక్టర్లకు వాళ్లే నేర్పాలి అని ఐదేళ్లకు నిధులిచ్చారు. సైన్సు కాలేజీ వెనక రెండు గదులు ఖాళీ చేయించారు. పదకొండు చెక్కపెట్టెల్లో మిషను వచ్చింది. పెట్టెలు విప్పాక తెలిసింది, దాన్ని నడపడం ఎవరికీ రాదని.

లాబ్‌కు పెద్ద డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు, రసాయనాల డాక్టరు. ఆమె వాకబు చేసి మేస్త్రి ఇంటికి వెళ్లింది. కంపెనీ మనిషిని తెచ్చి నెత్తిన పెట్టుకుంటారా అని కొందరు గొణిగారు. "ఆ ఇంట్లో దూలాలెన్నో ఆ ఇంట్లో పడుకున్నవాడికే తెలుసు" అని ఆమె కొట్టిపారేసింది.

మేస్త్రి తన పనిముట్ల పెట్టెతో సహా వచ్చాడు. అందులో ఆయనకు చాలా ఇష్టమైనది ఇత్తడితో తనే చేసుకున్న అచ్చు. టేపును దానిలో పెట్టి బ్లేడుతో ఒక్క గీత గీస్తే ఎన్ని ముక్కలైనా ఒకే పొడవున తెగుతాయి. అంచులు అద్దంలా నున్నగా ఉండేవి. నేను చేతిలోకి తీసుకుంటే "వేలిముద్ర పడుతుంది, ఇటివ్వు" అని లాక్కునేవాడు.

ఆ టేపు సంగతి చెప్పాలి. లైట్ రకం సిగరెట్టుకు ఫిల్టరు చుట్టూ కంటికి కనపడనంత సన్నటి చిల్లులుంటాయి. పీల్చినప్పుడు వాటిగుండా గాలి దూరి పొగను పలచన చేస్తుంది. మిషను ఆ చిల్లుల్ని మూయదు కాబట్టి అంకె తక్కువొస్తుంది. తాగేవాడి పెదవులు, వేళ్లు మాత్రం మూసేస్తాయి. అందుకని కొత్తగా వచ్చిన కఠిన పద్ధతిలో ఆ చిల్లుల మీద చుట్టూ టేపు అంటించి, పూర్తిగా మూసి, అప్పుడు కొలవాలి.

మొదటి ఏడాది చివర నిధులిచ్చిన కమిటీ మాకు పరీక్ష పెట్టింది. ఒకే పెట్టెలోని సిగరెట్లు సగం మాకు, సగం వేరే దేశంలో పేరున్న పాత లాబ్‌కు పంపారు. రెండు లాబ్‌ల అంకెలూ కలిస్తేనే రెండో ఏడాది నిధులు. వాళ్లకు సిగరెట్టుకు తారు మిల్లీగ్రాముల్లో ఇరవై ఒకటి వచ్చింది. మాకు పదిహేడు. మళ్లీ చేశాం. మళ్లీ పదిహేడే.

అనుమానం తూకం మీద పడింది. బిళ్లలు తూచే ఆవిడ కాంట్రాక్టు ఉద్యోగి, ఇద్దరు పిల్లల తల్లి. మనిషి ఊపిరి తగిలినా అంకె కదిలే త్రాసు అది. ఆమె ఊపిరి బిగబట్టి, చేతులు వణక్కుండా మోచేతులు బల్లకు ఆనించి తూచేది. అయినా పదిహేడే. డాక్టరమ్మ నిలబెట్టి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది.

అది గురువారం. మధ్యాహ్నం నేను పనిగదిలోకి వెళ్లేసరికి మేస్త్రి ఇత్తడి అచ్చును స్కేలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి రెంటినీ పెట్టెలో వేసి మూత పెట్టాడు. తరవాత రెండు రోజులు మిషను పైపులు విప్పి కడిగాడు. బాగున్నవాటినే కడిగాడు.

ఆదివారం నా స్కూటరు మీద వాళ్ల అక్కగారింటికి తీసుకెళ్లమన్నాడు. మేడమీద రెండు గదులు. బావగారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ముక్కుకు గొట్టాలు, పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది. మనిషి ఎముకల గూడు, నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"రావోయ్ బామ్మర్దీ! సర్కారు సొమ్ముతో దమ్ము కొడుతున్నావటగా! నేను సొంత జేబుతో కొట్టి ఈ గతికొచ్చా. నీ యోగమే యోగం!"

"నీ నోటికి గొట్టం పెట్టేవాడు లేడు బావా" అన్నాడు మేస్త్రి.

"పెట్టండి, అదీ పెట్టండి. ఏమయ్యా ఏసీ, వీడు కొలిచిన రకమే తాగాను తెలుసా? ఇంటల్లుడికి ఇంట్లో కొలిచిన సరుకు!" అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. అక్కగారు వచ్చి వీపు నిమిరింది.

మేస్త్రి తెచ్చిన పళ్ల సంచి కూడా కింద పెట్టకుండా అలాగే నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు మెట్ల మీద కూర్చుండిపోయి, నాకు ఆ సంగతి చెప్పాడు. పద్ధెనిమిదేళ్ల కిందట బావగారికి మొదటిసారి ఆయాసం వచ్చినప్పుడు మానెయ్యమని డాక్టరు చెప్పాడు. రెండు రోజులు మానేసి ఇల్లు పీకి పందిరేశాడట. అక్క తమ్ముడి దగ్గరికొచ్చి ఏడ్చింది. "ఈ లైట్ రకం తాగమనక్కా, తారు సగం కూడా ఉండదు, నేనే కొలిచాను" అన్నాడు ఈయన.

"అంకె అబద్ధం కాదోయ్. మిషను మీద ఆరే వచ్చింది. అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగాను. ఆ ఆరు మిషనుకేగానీ మనిషికి కాదని నాకు అప్పుడూ తెలుసు."

సోమవారం డాక్టరమ్మ అందరినీ పిలిచింది. ఆమె చేతిలో కమిటీ ఉత్తరం ఉంది. తూకం మనిషిని మార్చి ఆఖరుసారి చేసి చూపించండి, కుదరకపోతే మిషను ప్యాక్ చేయించండి అని దాని సారాంశం. తూకం ఆవిడ తల దించుకుని వింటోంది.

మేస్త్రి ముందుకొచ్చి అచ్చును బల్లమీద పెట్టాడు.

"ఆమెను మార్చొద్దమ్మా. తప్పు తూకంలో లేదు, దీంట్లో ఉంది."

"అదేంటి?"

"సిగరెట్టు చుట్టుకొలత ఇరవై నాలుగు మిల్లీమీటర్లు పైచిలుకు. ఇది ఇరవైకే కోస్తుంది. చుట్టు పూర్తవదు, పెసరగింజంత సందు మిగిలిపోతుంది. ఆ సందులోంచి గాలి దూరుతోంది. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఈ కఠిన పద్ధతి అంకెలు ఎవరో అడిగారు. ఎక్కువొస్తాయని మా మేనేజరు ముక్క పొట్టిగా కోయమన్నాడు. చేత్తో కోస్తే హెచ్చుతగ్గులొస్తాయని నేనీ అచ్చు చేశాను."

"తెలిసే చేశారా?" డాక్టరమ్మ గొంతు పైకి లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది నాకు.

"ఇక్కడ తెలిసి చేయలేదమ్మా. పెట్టెలో ఉంది, చేతికి అలవాటు, తీశాను. అక్కడ మాత్రం తెలిసే చేశాను."

తూకం ఆవిడ తల ఎత్తింది. "ఇక్కడ ఎప్పుడు తెలిసింది బాబాయ్?"

"గురువారం."

"గురువారం నుంచీ నేను ఏడవడం చూస్తూనే ఉన్నారుగా."

"చూశానమ్మా."

  తూకం ఆవిడ లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ లాగ్ పుస్తకం తెరిచి ఆయన ముందుకు తోసింది. ఆయన చేతిరాత పిల్లల రాతలా పెద్ద పెద్ద అక్షరాలు. ఇంతకుముందు చేసిన కొలతలన్నీ తప్పు, కారణం టేపు పొడవు, ఆ పొడవు నేను పెట్టింది అని రాసి సంతకం పెట్టాడు. ఫ్యాక్టరీ సంగతి కూడా రాయమంది. అదీ రాశాడు. తరవాత స్కేలు పెట్టి, బ్లేడుతో ఒక్కో ముక్క చేత్తో కోసి, రెండంచులూ ఒకదానిమీద ఒకటి ఎక్కేలా చుట్టి, భూతద్దం కింద తూకం ఆవిడకు చూపించాడు. ఆమె చూసి సరేనన్నాకే మిషను మీద పెట్టాడు. మొత్తం రెండొందల సిగరెట్లు, మూడు రోజుల పని. ఇరవై ఒకటి వచ్చింది.

లాబ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కమిటీవాళ్లు సగం నిధులిచ్చి, ఆరు నెలలాగి మళ్లీ పరీక్ష పెడతామన్నారు. మేస్త్రిని ఉంచాలా వద్దా అనేది డాక్టరమ్మకు వదిలేశారు. ఆమె ఉంచింది, అచ్చు మాత్రం తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

కొలత పూర్తయిన ఆ వారమే, ఆదివారం మళ్లీ స్కూటరు తీయమన్నాడు.  బావగారు యథాప్రకారం మొదలెట్టాడు.

"ఏరా, ఎంత కొలిచావు ఈ వారం?"

"నీ రకమే కొలిచాను బావా."

"ఎంతొచ్చింది? ఆరేనా?"

"ఇరవై ఒకటి."

 మేస్త్రి నేలమీద కూర్చుని చిల్లుల సంగతి, పెదవుల సంగతి, టేపు సంగతి అన్నీ చెప్పాడు. బావగారు తన కుడిచెయ్యి ఎత్తి, పసుపుపచ్చగా మారిన రెండు వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే చిల్లులు నేనే మూసుకున్నానంటావు. వెధవ వేళ్లు!" అన్నాడు. జోకు వేయబోయాడు గానీ అది సగంలోనే ఆగిపోయింది. "నువ్వు చెప్పకపోయినా ఏదో ఒకటి తాగేవాణ్నే లేరా. లే, నేలమీద చలి."

మేస్త్రి లేవలేదు. గుమ్మంలో ఉతికిన బట్టలు మడతపెడుతున్న అక్క చేతిలో టవలు అలాగే ఆగింది.

"ఆయన మానేస్తానన్నారురా ఆ రోజు" అంది. "రెండు రోజులు మానేశారు కూడా. మూడో రోజు నీ మాట నమ్మి కొట్టుకెళ్లి ఆ ప్యాకెట్టు తెచ్చిందాన్ని నేను. ఇవి తాగండి, తమ్ముడు కొలిచాడు, ఏం కాదు అని అగ్గిపెట్టె కూడా నేనే అందించాను."

"అక్కా..."

"అన్నేళ్లూ నేనే తెచ్చానురా. కూరగాయలతో పాటు తెచ్చాను."

టవలు మడత పూర్తిచేసి, మిగతావాటి మీద పెట్టి, అన్నీ ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. బావగారు కిటికీ వైపు తిరిగాడు. మేము బయటికొచ్చి మెట్లు దిగాం. మేస్త్రి స్కూటరు ఎక్కకుండా సీటు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"దించుకుందామని వచ్చానోయ్. తెచ్చి ఆవిడ నెత్తిన పెట్టాను."

నేను స్కూటరు స్టార్ట్ చేశాను.

మరుసటి ఆదివారం పొద్దున్నే మళ్లీ మా ఇంటికొచ్చాడు. అక్క ఫోను ఎత్తడం లేదట. వారమంతా చేశాడట. తలుపు తీస్తుందనుకుంటున్నారా అని అడిగాను.

"తియ్యకపోవచ్చు" అన్నాడు. "మెట్ల మీద కూర్చుంటాను. పద."