ఐదు శ్రుతిలో మరియాచీ

తెలియక చేసిన తప్పయితే ఇంత సిగ్గుపడేవాణ్ణి కాను. తెలిసి తెలిసి ఒక మంచి గాయనికి చెడ్డ సలహా ఇచ్చాను. అదీ పెద్దమనిషి తరహాలో, గొంతు సవరించుకుని మరీ ఇచ్చాను.

అప్పట్లో ఇంగ్లండులోని లీడ్స్‌లో నాకు వారమంతా ఐటీ ఉద్యోగం, ఆదివారం మధ్యాహ్నం మరియాచీ. మరియాచీ అంటే మెక్సికో వాళ్ళ పెళ్ళిమేళం అనుకోండి: వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్లు, వెండి గుండీల బిగుతు సూట్లు, గొడుగంత టోపీలు. తరతరాలుగా మగవాళ్ళ సొత్తు. మా బృందంలో ఏడుగురం, ఏడుగురమూ మగవాళ్ళమే. మెక్సికో నేల తొక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మా నాయకుణ్ణి అందరం మాస్ట్రో అనేవాళ్ళం. మనిషిది యార్క్‌షైర్, మీసానిది మెక్సికో. చిన్నప్పుడు గుంటూరులో నేర్చుకున్న కర్ణాటక వయొలిన్ పుణ్యమా అని నేనూ ఆ సూటులో దూరాను. నా పొట్ట పూర్తిగా దూరలేదు.

మా వీధిలోనే ఒక నర్సు ఉండేది, ఆవిడదీ గుంటూరే. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే ఫోన్లు చూసుకునే పిల్లలు కూడా తలెత్తేవాళ్ళు. వార్డులో ఆవిడతో పనిచేసే మెక్సికో అమ్మాయి ఒకతె ఆవిడకు తన దేశం పాటలు నేర్పింది. ఆ అమ్మాయి ట్రంపెట్ వాయిస్తుంది. ఇద్దరూ డ్యూటీ రోటా మార్పించుకుని, మా బృందంలో చేరడానికి ఆడిషన్ ఇస్తామన్నారు.

"అన్నయ్యా, నాది ఐదు శ్రుతి. మీవాళ్ళు ఒకటిలో వాయిస్తారంట కదా. నా కోసం మారుస్తారా?" అని ఆడిషన్‌కి ముందురోజు నర్సు అడిగింది. ఒకటంటే మగ గొంతులకి సరిపడే కింది శ్రుతి, ఐదంటే ఆడ గొంతులకి సరిపడే పై శ్రుతి.

మన కచేరీల్లో ఇది అడగాల్సిన మాటే కాదు. పాడేవాళ్ళది ఏ శ్రుతి అయితే అదే అందరి శ్రుతి. వయొలిన్ వాయించేవాడు నోరు మూసుకుని తన తీగలు సరిచేసుకోవాలి. మా గురువుగారు మొదటిరోజే నేర్పిన మర్యాద అది. కానీ నాకు మాస్ట్రో మీసం కళ్ళ ముందు మెదిలింది.

"ముందు వాళ్ళ శ్రుతిలోనే పాడమ్మా. లోపలికొచ్చాక మెల్లగా మార్చుకుందాం" అన్నాను.

అది బ్రెగ్జిట్ ఓటు నాటి వేసవి. లోపల ఎవరుండాలి, బయట ఎవరుండాలి అని దేశమంతా కొట్టుకుంటోంది. మా బృందం కూడా తన వంతు సేవ చేసింది.

మెక్సికో అమ్మాయి ముందు వాయించింది. కిటికీ అద్దాలు అదిరాయి. మాస్ట్రో చప్పట్లు కొట్టలేదు. "బాగుంది లవ్. కానీ ఇది మగాళ్ళ మేళం. మా సంప్రదాయం నీకు అర్థం కాదులే" అన్నాడు. అక్కడ ప్రతి ఆడమనిషికీ పిలుపు 'లవ్'యే.

"మా ఊళ్ళో మా మేనత్త ఇరవై ఏళ్ళుగా వాయిస్తోంది" అంది ఆ అమ్మాయి.

"అయితే అక్కడికే వెళ్ళి వాయించు" అన్నాడు వెనక నుంచి గిటారు మనిషి. నవ్వులు.

తర్వాత మా నర్సు. నా సలహా పాటించి ఒకటి శ్రుతిలో ఎత్తుకుంది. పల్లవి సగానికి గొంతు పాతాళంలోకి దిగిపోయి, అక్కడే ఎక్కడో గరగరలాడింది.

"ఎవరో హూవర్ ఆన్ చేసినట్టున్నారు, ఆపండ్రా!" అన్నాడు మాస్ట్రో. హూవర్ అంటే అక్కడ ఇల్లు ఊడ్చే మిషను. ఈసారి నవ్వులకు పాట ఆగిపోయింది.

'ఆవిడ శ్రుతి అది కాదు' అన్న ఒక్క మాట నా దగ్గరుంది. నేను కమానుకి రోజిన్ బంక రాస్తూ కూర్చున్నాను. పక్కవాద్యం వాణ్ణి కదా, పక్కకు తప్పుకోవడంలో ఆరితేరాను.

ఆవిణ్ణి నేనే కారులో ఇంటికి తీసుకెళ్ళాను. దిగేటప్పుడు, "నాకు పాట రాదనుకున్నారు అన్నయ్యా. మీరు కూడా అనుకోనిచ్చారు" అంది.

వాళ్ళిద్దరూ ఆగలేదు. ఇంకో ముగ్గురు ఆడవాళ్ళని కలుపుకుని చర్చి హాల్లో సాధన చేశారు. మరుసటి వేసవిలో పార్కులో జరిగే జాతరకి రెండు మేళాలనీ పిలిచారు. ఆఖరి పాట అందరూ కలిసి వాయించాలని నిర్వాహకుల కోరిక. మాస్ట్రో వెంటనే ఒప్పుకున్నాడు. "మన కీలోనే. మొదటి చరణం నాది, రెండోది హూవర్‌ది. ఊరంతా విననీ" అని మాకు కన్నుగీటాడు. శ్రుతిని వాళ్ళు కీ అంటారు. పాటకి ముందు వయొలిన్ ముక్క ఒంటరిగా వాయించి అందరికీ శ్రుతి అందించాల్సింది నేను.

వేదిక మీద మా నర్సు మొహం పాలిపోయి ఉంది. మాస్ట్రో అటు తిరిగినప్పుడు నేను ఆవిడకి ఐదు వేళ్ళు చూపించాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ట్రంపెట్ అమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి నవ్వింది.

ఐదులో ఎత్తుకున్నాను. ఆడవాళ్ళు రోజూ సాధన చేసే శ్రుతి, వెంటనే అందుకున్నారు. మావాళ్ళు గిటార్ల మీద వేళ్ళు వెతుక్కున్నారు. జనం చప్పట్లు మొదలుపెట్టేశారు, ఇక ఆపడానికి లేదు. మాస్ట్రో మొదటి మాట పైన అందుకోబోతే గొంతు చీలింది. ఒక స్థాయి కిందికి దిగి గరగరలాడాడు. ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. పాడుతూనే నా వైపు వంగి, "కీ! కీ మార్చు, మూర్ఖుడా!" అని పళ్ళు కొరికాడు.

అవతల ఆవిడ రెండో చరణానికి ఊపిరి పీల్చుకుంటోంది.

"ముందు ఇందులోనే పాడండి మాస్ట్రో. మెల్లగా మార్చుకుందాం" అన్నాను.