చేపనూనె గోలీలు, లాఠీ మచ్చలు

మా మేనత్త జనగామ నుంచి రైల్లో వచ్చి ఆ సీసాను మా అరుగు మీద పెట్టినప్పుడే నాకు నచ్చలేదు. సీసాకు ఏ వంకా లేదు. లోపలి గోలీలు కూడా చూడటానికి బాగానే ఉన్నాయి, పచ్చగా, ఎండకు పెడితే తేనెబొట్టులా మెరుస్తూ. నచ్చనిది అత్త వాలకం. మామూలుగా మా అత్త వస్తే ముందు మంచినీళ్లు అడుగుతుంది, తర్వాత వాళ్ల కోడలి మీద రెండు చాడీలు చెప్తుంది. ఆ రోజు ఆ రెండూ లేవు. కూర్చోవడమే ఆలస్యం, గుండె గురించి మొదలుపెట్టింది. అదీ ఎవరో బట్టీ పట్టించినట్టు, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికి వస్తూ.

అది చేపల నూనె అట. చలి దేశాల సముద్రాల్లోని చేపలట. గుండెకు బలమట, రక్తనాళాలు కడిగినట్టు అవుతాయట. జనగామలో ఏదో కంపెనీ వాళ్లు మీటింగులు పెడుతున్నారట, హాల్లో కుర్చీలేసి చప్పట్లు కొట్టిస్తారట, చేరినవాళ్లు ఇంకో ఇద్దరిని చేర్పించాలట. ఇదంతా అడగ్గా అడగ్గా బయటికి వచ్చింది. అడిగింది నేనే. నేను పదో తరగతి దాకా చదివాను, ఇంట్లో జాకెట్లు కుడతాను. ఎదుటివాళ్ల కొలత తీసుకోవడం నాకు అలవాటు.

"డాక్టర్ను అడిగినవా అత్తా?" అన్నాను.

"డాక్టర్లు ఇసొంటియి ఎందుకు చెప్తరే? అందరు మంచిగుంటె ఆల్లకాడికి పోయేదెవలు?"

మా బాపు అప్పటికే మూత తీసి ఒక గోలీ నోట్లో వేసుకున్నాడు. చెల్లె ఇచ్చిందంటే అంతే. ఆయనకు ఆపరేషన్ అయినప్పుడు హైదరాబాద్ దవాఖానలో నేల మీద పడుకుని చాకిరీ చేసింది ఆ చెల్లెలే. అందుకే నేను ఎక్కువ మాట్లాడలేకపోయాను. సాయం చేసినవాళ్లను అనుమానించడం ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది.

మాది కేసముద్రం. అప్పుడు ఇంకా జిల్లాలు విడిపోలేదు, అంతా వరంగల్ కిందే. బాపు మార్కెట్ యార్డులో హమాలీ. వడ్ల బస్తాను వీపు మీద వేసుకుని లారీ చెక్క మీద నడుస్తుంటే చెక్కే వంగేది గాని ఆయన వంగేవాడు కాదు. తర్వాత గుండెలో వాల్వు చెడిపోయింది. సర్కారు కార్డు మీద ఆపరేషన్ చేసి లోహపు వాల్వు వేశారు. ఛాతీ దగ్గర చెవి పెడితే గడియారంలా చప్పుడు. బరువు ఎత్తొద్దన్నారు. యార్డులో ఆయనకు బస్తాల మూతులు కుట్టే పని ఇచ్చారు. ఆ పని ముసలివాళ్లు చేస్తారు. బాపు ఏమీ అనలేదు గాని, లారీ వచ్చినప్పుడు అటువైపు చూడటం మానేశాడు.

ఆ వాల్వు కోసం రోజూ సాయంత్రం ఒక గోలీ వేసుకోవాలి. రక్తాన్ని పలుచగా ఉంచే గోలీ అది. చిక్కబడితే వాల్వు దగ్గర గడ్డకడుతుంది, మరీ పలుచబడితే ఎక్కడైనా కారిపోతుంది. అందుకని నెలకోసారి హనుమకొండ పోయి రక్తం చూపించుకుంటే, డాక్టరమ్మ గోలీ పెంచడమో తగ్గించడమో చేసేది.

అత్త పోయాక నేను ఒక పచ్చ గోలీని సూదితో పొడిచాను. నూనె కారింది. నీసు వాసన. మా పిల్లి వచ్చి శుభ్రంగా నాకింది. మా అవ్వ, అంటే అమ్మే, మేము అట్లాగే పిలుస్తాం, అది చూసి పిల్లికి మంచిదైతే మనిషికీ మంచిదేనని తీర్పు చెప్పింది. నేను మాత్రం రెండు రోజులు ఆ పిల్లి వెంట తిరిగాను, ఏమైనా అవుతుందేమోనని. ఏమీ కాలేదు. నా అనుమానమంతా అది దొంగ సరుకని. విషమో, యంత్రాలకు పోసే నూనెనో అని. ఇంకో దిక్కు నుంచి ఆలోచించనే లేదు.

సీసా మీద అంతా ఇంగ్లిష్. పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. చిన్న అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, వదిలేశాను.

వారం తిరగకముందే బాపుకు తేన్పులు మొదలయ్యాయి. తేన్చినప్పుడల్లా చేపల వాసన. ఇంట్లో మేము పప్పుచారు తింటుంటే ఆయన నోట్లోంచి చేపల పులుసు వాసన వచ్చేది. ఎక్కడ తినొచ్చావు, ఎవరు వండిపెట్టారు అని అవ్వ సతాయించింది. కడుపు కూడా వదులైంది. చెంబు పట్టుకుని రోజుకు నాలుగుసార్లు. నేను అత్తకు ఫోన్ చేసి చెప్తే, లోపలి చెడంతా పోతోంది, ఇంకా రెండేసి వేసుకొమ్మని చెప్పు అంది. బాపు రెండేసి కాదు, మూడేసి వేసుకున్నాడు. మళ్లీ బస్తా ఎత్తేంత బలం వస్తుందని ఆయన ఆశ.

అప్పుడే సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం అందరూ పనులు ఆపేశారు. బస్సులు లేవు, బడులు లేవు. భూపాలపల్లి దిక్కు బొగ్గుబావుల్లో కూడా ఎవరూ దిగడం లేదన్నారు. మా దగ్గర రోడ్డు పక్కన టెంటు వేసి రోజుకో కులపోళ్లు, రోజుకో పనోళ్లు దీక్షలో కూర్చునేవాళ్లు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. హనుమకొండ పోయే దారి లేక బాపు ఆ నెల రక్తపరీక్ష తప్పింది. తెలంగాణ రానీ, అందరం కలిసే పోయి చూపించుకుందాం అని నవ్వాడు.

రైల్‌రోకో రోజు హమాలీలంతా పట్టాల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం పోలీసులు వచ్చి లాఠీలతో తరిమారు. నేను ఆడవాళ్ల వైపు నుంచి పరుగెత్తి ఇంటికి వచ్చేసరికి బాపు ఇంట్లోనే ఉన్నాడు, కాళ్లు కడుక్కుంటూ. బనీను మీద ఉన్నాడు. భుజం కింద అరచేయంత నల్లమచ్చ. తొడ మీద ఇంకోటి. వెనకాలే వచ్చిన పెద్ద హమాలీ అది చూశాడు. ఆయన యార్డులో అందరికంటే పెద్ద, మేము పెదబాపు అని పిలుస్తాం.

"అరె, నిన్ను గూడ కొట్టిన్రారా? వాల్వు ఏసిన మనిషిని గూడ వదలలేదా?"

బాపు చేతిలోని చెంబు పక్కన పెట్టాడు. కాదనలేదు.

అంతే. సాయంత్రానికి టెంటులో ఆయన మెడలో బంతిపూల దండ పడింది. మైకులో ఆయన గురించి చెప్పారు. కొడకండ్లలో ఉండే మా బాబాయి దాకా కబురు పోయింది. యార్డులో మూతులు కుట్టే మనిషిని ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన నిటారుగా కూర్చోవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

మా ఊళ్లో సూదులేసే ఆయన వచ్చి, ఉద్యమంలో దెబ్బలు తిన్నవాళ్లకు ఊరికే చేస్తానని తుంటికి నొప్పుల సూది వేశాడు. నొప్పుల గోలీలూ ఇచ్చాడు. బాపు అవి కూడా మింగాడు. దెబ్బలు తిన్న మనిషి మందు వద్దంటే ఎట్లా?

నాకు అనుమానం పట్టుకున్నది నాలుగో రోజున. బాపు మోచేతి లోపలి వైపు కొత్త మచ్చ కనిపించింది. ఆ నాలుగు రోజుల్లో మా దిక్కు ఒక్క పోలీసు రాలేదు. పైగా లాఠీ దెబ్బ అయితే పొడుగ్గా వాత తేలాలి. పక్కింటాయన వీపు మీద చూశాను, కొలబద్ద పెట్టి గీసినట్టు ఉన్నాయి. బాపువి గుండ్రంగా, సిరా ఒలికినట్టు. మర్నాడు పొద్దున వేపపుల్ల నమిలి ఉమ్మితే ఎర్రగా పడింది. ఎక్కడ కొట్టారు, ఏ చేత్తో కొట్టారు, ఎటు నిలబడ్డావు అని అడిగాను. ఆయన కోపంగా, నువ్వేమన్నా పోలీసువా అన్నాడు.

నేను సీసా తీసుకుని గడపలో కూర్చున్నాను. చిన్న అక్షరాలు ఒక్కొక్కటే చదివాను. బ్లడ్ అన్న మాట కనిపించింది, డాక్టర్ అన్న మాట కనిపించింది. మధ్యలో ఏముందో పూర్తిగా అర్థం కాలేదు. కానీ మా బాపు బతుకంతా ఆ రెండు మాటల మధ్యే నడుస్తోందని నాకు తెలుసు. 

ఆ పొద్దే సూది వేసిన చోట తుంటి కుండలా ఉబ్బింది. లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. పెదబాపు ఎవరిదో ఆటో మాట్లాడి తెచ్చాడు. దారిలో ఊరికో చోట రోడ్డుకు అడ్డంగా రాళ్లు, పొయ్యిలు. ఆటో ఆపినప్పుడల్లా పెదబాపు దిగి బాపు చొక్కా చెయ్యి పైకి జరిపి చూపించాడు. లాఠీ దెబ్బలు అనగానే రాళ్లు జరిపారు, జై కొట్టారు. ఒకామె గిన్నెలో పులిహోర తెచ్చి ఆటోలో పెట్టింది. బాపు ఎవరి ముఖమూ చూడలేదు. అబద్ధమే మాకు దారి ఇస్తోందని ఆయనకూ నాకూ ఇద్దరికీ తెలుసు గాని, ఒకరికొకరు చెప్పుకోలేదు.

హనుమకొండలో డాక్టరమ్మ మచ్చలు చూసి వరసగా అడిగింది. ఎప్పుడు కొట్టారు, తలకు తగిలిందా, పొట్టలో తన్నారా. తలకు తగిలితే వెంటనే స్కానింగుకు పంపాలి, వేరే చోటికి తీసుకుపోవాలి అంది. బాపు నేల చూపులు చూశాడు. పక్కన పెదబాపు, చేతులు కట్టుకుని. నేను సంచిలోంచి పచ్చ గోలీల సీసా, నొప్పుల గోలీల అట్ట తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ సీసా తిప్పి చదివి, రోజుకు ఎన్ని అని అడిగింది. నేను చెప్పాను. మళ్లీ బాపు వైపు తిరిగి, దెబ్బలు ఎక్కడ పడ్డాయో నిజం చెప్పకపోతే నేను తప్పు వైద్యం చేస్తాను అంది.

బాపు ఆమెకు చెప్పలేదు. పెదబాపు వైపు తిరిగాడు.

"అన్నా, నన్నెవ్వలు కొట్టలె. పోలీసులు వచ్చినప్పుడు నేను రైలు కట్ట కింద తుమ్మ చెట్ల చాటున కూసున్న. కడుపు ఆగలె."

పెదబాపు కట్టుకున్న చేతులు విప్పాడు. మెల్లగా, "మరి దండెందుకు ఏపిచ్చుకున్నవ్‌రా?" అన్నాడు.

"ఏస్తుంటె వద్దనబుద్ధి గాలె. వాల్వు ఏసినప్పటిసంది నన్ను ముంగట కూసోమన్నోడు ఎవడున్నడే?"

డాక్టరమ్మ తలదించుకుని కాగితం మీద రాసుకుంటూ ఉండిపోయింది.

రక్తం చూస్తే ఉండాల్సిన దానికంటే చాలా పలుచగా ఉంది. ఆసుపత్రిలో చేర్చుకుని విరుగుడు మందు ఇచ్చారు. పలుచన చేసే గోలీని ఎన్ని రోజులు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తానే చెప్తానని, సొంతంగా ఆపితే వాల్వు దగ్గర గడ్డకట్టి అదీ ప్రాణం మీదికి వస్తుందని ఆమె పదేపదే చెప్పింది. నేను ఉండబట్టలేక, నూనె దొంగదే కదా మేడం అన్నాను. కాకపోవచ్చు, మంచి నూనే అయి ఉండొచ్చు అంది. మామూలు మనిషికైతే తేన్పులు, కడుపు వదులవడం, అంతకు మించి చాలామందికి ఏమీ కాదట. ఎక్కువ మోతాదులో అది కూడా రక్తాన్ని కొంత పలుచన చేయొచ్చట. మీ నాన్నకు పరీక్ష తప్పింది, నూనె మూడింతలైంది, నొప్పుల గోలీలు వాటి మీద పడ్డాయి, ఇందులో దేని వాటా ఎంతో నేను చెప్పలేను అంది. పైగా ఇట్లాంటివాళ్లకు కండకు సూది వేయనే కూడదట.

నాకు అదో రకం నిరాశ. దొంగ సరుకైతే ఒకరిని తిట్టి ఊరుకునేదాన్ని.

అయినా అత్తకు ఫోన్ చేసి తిట్టాను. ఆమె ఏడ్చింది. "నేను గూడ అయ్యే మింగుతున్న గదనే. మా అన్నను నేనే చంపుకుంటనా?" అంది. నమ్మాను. చప్పట్లు కొట్టించినవాళ్లను మాత్రం నమ్మలేదు. రక్తం పలుచన చేసే గోలీలు వాడుతున్నవాళ్లు ముందు డాక్టర్ను అడగాలని అక్కడ ఎవరైనా చెప్పారా అంటే, అత్త ముక్కు చీదుకుని, అన్న అన్నం తింటున్నాడా అని అడిగింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు మళ్లీ పెదబాపే ఆటో తెచ్చాడు. రైల్వే గేటు దగ్గర దిగేటప్పుడు బాపుతో ఒక్క మాట అన్నాడు.

"టెంట్ల నీ జాగ ఉంటది. కని సంగతి నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు బాపు లేచి తిరిగాడు. వంటావార్పు రోజున టెంటులో నిలబడి చెప్పాడు. మైకు వద్దన్నాడు. తుమ్మలు, చెంబు, చేపనూనె, అన్నీ. నేను ఆడవాళ్ల మధ్య తల వంచుకుని కూర్చున్నాను.  వెనక నుంచి ఒకాయన, "అయితె పోలీసోళ్లను ఉత్తగనే తిట్టినం గదరా," అన్నాడు. పక్కింటాయన తన వీపు తడుముకుని, "ఉత్తగ ఎందుకు, నా వాటా గూడ కలిపి తిట్టిన్రనుకో," అన్నాడు. నవ్వులు. కొందరు నవ్వలేదు, అదీ చూశాను. ముందు వరుసలో ఇంకెవరో కూర్చున్నారు.

పెదబాపు గంప జరిపి, ఉల్లిగడ్డలు కోయమని బాపు చేతికి కత్తి ఇచ్చాడు. వేలు తెగితే రక్తం ఆగదని, నేను లేచి వెళ్లి ఆ కత్తి తీసుకున్నాను. బాపు గొణుక్కుంటూ పొయ్యి కింద కట్టెలు సర్దటానికి జరిగాడు. జరుగుతూ, నేను అడగకముందే చొక్కా చేతులు రెండూ పైకి మడిచి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. కొత్త మచ్చలు లేవు. వీపు ఇంటికి పోయాక చూడాలి అనుకున్నాను.