ఎడమపక్క మగ్గం

మా ఆయన పాత వ్యాన్‌లో సీట్లు పీకేసి, మంచం బిగించి, స్టవ్వు పెట్టి, మేం నేసిన లుంగీ గుడ్డనే కిటికీలకు తెరలుగా కట్టి, ఇది మన రెండో ఇల్లన్నాడు. గుడియాత్తంలో మా వీధంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఆ నవ్వు మొన్న జవ్వాది కొండలెక్కేదాకే.

ఒడుగత్తూరు దాటి ఘాట్ రోడ్డెక్కుతున్నాం. ఒక మలుపులో ఎడమపక్క, కొండవారగా మేకలు, వాటి వెనక ఒక ముసలమ్మ. ఆయన హారన్ కొట్టలేదు, వేగం తగ్గించలేదు. బండి వాళ్ళను రాసుకున్నట్టే పోయింది.

"ఏమయ్యా, మేకలు కనపళ్ళేదా?"

"ఏ మేకలు?"

ఒళ్ళు మండిపోయింది. షికారొస్తే కళ్ళు నెత్తికెక్కుతాయా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఈల వేసుకుంటూ పోనిచ్చాడు. వెనక్కి తిరిగి చూసేసరికి మలుపు దాటిపోయాం.

పైన సామచేలు, పనసచెట్లు, లోయనిండా మంచు. ఆయన బండి పక్కనే స్టవ్వు ముట్టించి టీ కాచాడు. బాగుంది బాగుంది అంటూనే ఉన్నాడు. నేను మాత్రం రోడ్డంచున గోడైనా లేదే అని చూస్తూ కూర్చున్నాను.

మేం చూడాలనుకున్న చర్చి ఆ పక్కనే ఉంది. చిన్నది. కాపలా పెద్దాయన తలుపు తీశాడు. లోపల గోడ పొడవునా ఒకటే బొమ్మ. మధ్యలో ఏసు పంచె కట్టుకుని, మనూరి మనిషిలాగే కూర్చున్నాడు. చుట్టూ కుండలు చేసేవాళ్ళు, నాట్లేసే ఆడవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు. ఎడమ కొసన గుంతమగ్గం, దానిమీద నేస్తున్న మనిషి.

క్యాలెండర్ మీది మగ్గానికైనా సరే, మా ఆయన వంక పెట్టకుండా వదలడు. ఇప్పుడేం అంటాడోనని చూస్తున్నాను. ఆయన చాలాసేపు నిలబడి చూశాడు.

"అందరి పనీ గీసినాడు మే. మన పని ఒక్కటే మరిచిపోయినాడు."

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మొహంలో నవ్వు లేదు. తినే తట్టలో ఎడమవైపు చట్నీ ఎప్పుడూ అట్లాగే మిగిలిపోవడం, చెయ్యి తగిలి చెంబులు పడటం, పొద్దున మేకలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అన్నీ ఎడమపక్కవే. దిగేటప్పుడు లోయ ఎడమపక్కకే వస్తుంది. నాకు స్టీరింగ్ పట్టడం కూడా రాదు.

ఆయన గడ్డం పట్టుకుని మొహం ఎడమకు తిప్పాను.

"ఇది ఇంతసేపూ యాడుండె?" అన్నాడు.

"ఆడే ఉండాది. నువ్వు బండి దించితే నేనెక్కను. నిన్నూ ఎక్కనీను."

"అదెల్లాం ఏమీ లేదు. పోదాం పా." విసురుగా వాకిలివైపు నడిచాడు. ఎడమ భుజం వాకిలి చెక్కకు ధన్‌మని తగిలింది. మెడ తిప్పి ఆ చెక్కను చూశాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ బండిని పక్కవాళ్ళను ముట్టుకోనివ్వని మనిషి. నాకు ఏడుపొచ్చింది.

పెద్దాయన ఒడుగత్తూరుకు ఫోన్ చేసి, డ్రైవర్ బస్సులో వస్తాడని చెప్పాడు. మేం బయట కాచుకున్నాం. మా ఆయన బండి ఎడమపక్కకు వెళ్ళి, నేసిన బట్టలో పోగు తెగిందేమోనని తడిమినట్టు, రేకును ముందునుంచి వెనక్కి తడుముతూ పోయాడు. ఆ గీతలు నేను రోజూ చూసేవే. ఎవరో లారీవాళ్ళ పని అనుకునేదాన్ని.

"ఇవన్నీ నేనేనా?" అన్నాడు. నేను ఒక గీతను కొంగుతో తుడిచాను.

"మే, ఆ మేకల ఎనక ఎవురైనా ఉండిరా?"

"ఒక ముసలామె."

వెనక చక్రం దగ్గర చెయ్యి ఆగిపోయింది. "పక్కకు జరిగిందా? నువ్వు చూస్తివా?"

"చూళ్ళేదు."

డ్రైవర్ వచ్చి బండి దించాడు. మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, మెడంతా తిప్పి ప్రతి మలుపూ వెతికాడు. నా చెయ్యి ఆయన చేతిలో నలిగిపోయింది.

ఆమె అదే మలుపులో రోడ్డు పక్కన కూర్చుని, మేకలకు ఆకు దూస్తోంది. హమ్మయ్య అనుకున్నాం ఇద్దరం. బండి ఆపమన్నాడు. ఆమె తలెత్తి మా బండిని చూసింది. చూడగానే ఆకులక్కడే వదిలేసి, కట్టె ఊతంగా గబగబా గట్టెక్కి దూరంగా నిలబడింది.